ఫిజీ గురించి అపోహలు - వాస్తవాలు

కాలేజీలో భూగోళశాస్త్రం చెప్తాను. పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల దేశం ఫిజీ అనగానే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి, వాటి గురించే ఇది.

అపోహ: ఫిజీ అంటే ఇసుక, కొబ్బరిచెట్లు, పగడపు దిబ్బలు.
వాస్తవం: అవీ ఉన్నాయి. కానీ 330కి పైగా దీవుల్లో జనం అత్యధికంగా ఉండే విటి లెవు, వనువా లెవు దీవులు రెండూ అగ్నిపర్వతాల వల్ల పుట్టినవే. విటి లెవులోని టొమానివి శిఖరం ఎత్తు 1,324 మీటర్లు. ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు ఈ కొండలకు తగిలి రాజధాని సువా వైపే వానంతా కుమ్మరిస్తాయి, కొండల అవతల పశ్చిమాన పడ్డ నాండి, లౌటోకా వైపు పొడిగా ఉంటుంది. చెరకులో తీపి బాగా పట్టాలంటే కోతల ముందు ఆ పొడి ఎండే కావాలి. తడి వైపున నౌసోరిలో 1882లో పెట్టిన చక్కెర మిల్లు 1959లో మూతపడింది, పశ్చిమాన చెరకు నిలిచింది.

అపోహ: బ్రిటిష్‌వాళ్లు యుద్ధం చేసి గెలుచుకున్నారు.
వాస్తవం: లేదు. 1874 అక్టోబర్ 10న లెవుకా పట్టణంలో దకోంబౌ అనే నాయకుడు, ఇతర తెగల పెద్దలు సంతకాలు చేసి ఫిజీని బ్రిటన్‌కు అప్పగించారు. మరుసటి ఏడాదే తట్టు వ్యాపించి, అంచనాల ప్రకారం జనంలో మూడో వంతు దాకా పోయారు.

అపోహ: స్థానికులు సోమరులు, అందుకే మనవాళ్లను తెచ్చారు.
వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. స్థానికుల ఊళ్లు చెదిరిపోతాయని బ్రిటిష్ గవర్నర్ ఆర్థర్ గోర్డన్ వాళ్లను తోటల కూలికి పంపడాన్ని కట్టడి చేశాడు, వాళ్ల భూముల అమ్మకం ఆపాడు, ఆ లోటు పూడ్చడానికి ఇండియా నుంచి ఐదేళ్ల ఒప్పందం మీద కూలీలను రప్పించాడు. 1879 నుంచి 1916 దాకా సుమారు 60 వేల మంది వెళ్లారు. కూలీ లైన్లలో, అంటే కూలీలకు వరసగా కట్టిన బసల్లో, పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గది, అందులో ముగ్గురు మగవాళ్లు, లేదంటే ఒక కుటుంబం మొత్తం.

అపోహ: వెళ్లినవాళ్లంతా యూపీ, బీహార్ వాళ్లే.
వాస్తవం: 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలెక్కారు, దాదాపు 15 వేల మంది. విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లూ వీళ్లలో ఉన్నారు. అక్కడి తెలుగువాళ్లు 1941లో ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు.

అపోహ: ఇండియా నుంచి వెళ్లినవాళ్లు తరాలుగా దున్నారు కాబట్టి పొలాలు వాళ్లవే.
వాస్తవం: ఎక్కువమంది కౌలుదార్లే. గోర్డన్ పెట్టిన కట్టుబాటు వల్ల నేటికీ సుమారు 87 శాతం నేల స్థానిక వంశాల ఉమ్మడి ఆస్తి, అలా కాపాడకపోతే అదంతా తోటల యజమానుల పాలయ్యేదే, నా దృష్టిలో అది మంచి పనే. కానీ చెరకు పండించిన కుటుంబాలకు మాత్రం ఏ భరోసా మిగల్లేదు. ముప్పై ఏళ్ల కౌలు గడువులు 1997 నుంచి వరసగా ముగిశాయి, రెన్యువల్ దొరకని వాళ్లు పొలం, కట్టుకున్న ఇల్లు వదిలేసి పట్టణాల అంచున గుడిసెలు వేసుకున్నారు.