ఈస్ట్రోజన్ మాత్ర మొదలుపెట్టాక టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతుంది?

తిరుపతిలోని ఒక ల్యాబు ఇచ్చిన రిపోర్టు అనుకోండి. థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ 6.1 అని ముదురు అక్షరాల్లో ఉంది, పక్కన ఎక్కువని చెప్పే ‘హెచ్’ గుర్తు. కింది వరుసలో ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా ఉన్న థైరాయిడ్ హార్మోను, మాత్రం పరిధిలోనే ఉంది. ఆ రిపోర్టు నెలసరి ఆగిపోయి, వేడి ఆవిర్లు తట్టుకోలేక మూడు నెలలుగా ఈస్ట్రోజన్ మాత్రలు వాడుతున్న స్త్రీది. థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేసే హైపోథైరాయిడిజానికి లీవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర ఎప్పటి నుంచో వేసుకుంటోంది, ఇన్నాళ్లూ అంకెలు బాగానే ఉన్నాయి. జబ్బు ముదిరిందని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. అంత కంగారు అక్కర్లేదు.

రక్తంలో టీ4 హార్మోను 99 శాతానికి పైగా ప్రొటీన్లను అంటిపెట్టుకునే తిరుగుతుంది. వాటిలో ముఖ్యమైనది కాలేయం తయారుచేసే టీబీజీ. మింగిన ఈస్ట్రోజన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరి టీబీజీని పెంచుతుంది. కొండకు బస్సులు పెంచితే అలిపిరిలో విడిగా నిలబడ్డ జనం తగ్గినట్టు, టీబీజీ పెరిగితే విడిగా ఉన్న టీ4 తగ్గుతుంది. కణాల్లోకి వెళ్లి పనిచేసేది ఆ విడి టీ4 మాత్రమే. అది పరిధి దాటకుండా కాస్త తగ్గినా పిట్యూటరీ గ్రంథి పసిగట్టి టీఎస్‌హెచ్‌ను బాగా పెంచేస్తుంది. పై రిపోర్టులో ఒక అంకె చెడి, రెండోది నిలబడటానికి కారణం ఇదే.

ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్ గ్రంథి ఇంకాస్త హార్మోను తయారుచేసి లోటు పూడ్చుకుంటుంది. థైరాయిడ్ మాత్ర మీద ఆధారపడిన వారికి ఆ వీలు లేదు, మాత్రలో ఉన్నది ఉన్నంతే. 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఈ తేడానే చూపింది: థైరాయిడ్ మాత్ర వాడే స్త్రీలలో ఈస్ట్రోజన్ మొదలుపెట్టిన 12 వారాలకు టీఎస్‌హెచ్ పెరిగింది, థైరాయిడ్ బాగున్నవారిలో మారలేదు. థైరాయిడ్ మాత్రే వాడని స్త్రీకి ఇలా పెరిగితే మాత్రం గ్రంథి ముందే బలహీనపడిందేమో చూడాలి. థైరాయిడ్‌పై దాడి చేసే యాంటీబాడీలను పట్టిచూపే యాంటీ టీపీఓ పరీక్ష అందుకు పనికొస్తుంది.

థైరాయిడ్ మాత్ర మోతాదు పెంచే ముందు డాక్టరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది, అడగకపోతే మనమే చెప్పాలి. మాత్ర ఎలా వేసుకుంటున్నారు? మన ఇళ్లలో తెల్లవారగానే ఫిల్టర్ కాఫీ పడాలి. కాఫీతో పాటే వేసుకుంటే లీవోథైరాక్సిన్ ఒంటికి సరిగా పట్టదు. పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి. ఈ వయసులో ఎముకల కోసం రాసే కాల్షియం, రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టుకని వాడే బయోటిన్ అయితే కొన్ని పరీక్షల ఫలితాలనే తారుమారు చేస్తుంది.

అవన్నీ సరిగానే ఉంటే డాక్టరు మోతాదు కొద్దిగా పెంచి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తారు. చర్మానికి అంటించే ప్యాచ్, రాసుకునే జెల్ ముందుగా కాలేయాన్ని తాకవు కాబట్టి టీబీజీ అంతగా పెరగదు. అందుకే ఈస్ట్రోజన్ మాత్ర నుంచి ప్యాచ్‌కు మారినా, పూర్తిగా మానేసినా ఆ విషయం తప్పక చెప్పి మళ్లీ రక్తపరీక్ష చేయించుకోవాలి. పెంచిన మోతాదు అప్పుడు ఎక్కువైపోయి గుండె లయను, ఎముకల బలాన్ని దెబ్బతీయవచ్చు.