ఏమీ ఇవ్వని ఇంటికి సర్వే ఎందుకు? పేదరికం పథకాలపై అపోహలు - వాస్తవాలు

ట్యాబ్ పట్టుకుని ఊళ్లు తిరిగే పని నాది. ఫలానా పథకం వల్ల పేదల బతుకు మారిందా లేదా అని ఇంటింటికీ వెళ్లి రాసుకొస్తాం. ఇన్నేళ్లలో ఎక్కువసార్లు విన్న మాట ఇదే: "మాకేమియ్యలేదు గద సారూ, మమ్ములనెందుకు అడుగుతున్నరు?" ఆ తల్లి అడగడంలో తప్పు లేదు. కూలి నుంచి అప్పుడే వచ్చి, పొయ్యి వెలిగించకుండా నా ముందు గంటసేపు కూర్చోవాలి. కానీ పథకానికి డబ్బు పెట్టేవాళ్లు కూడా "ఏమీ ఇవ్వని ఇళ్లకు సర్వే ఖర్చు దేనికండీ, తీసేయండి" అంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

అపోహ: పథకం తీసుకున్నవాళ్లు మునుపటికంటే బాగున్నారు, కాబట్టి పథకం పనిచేసినట్టే.

మెదక్ జిల్లాలో ఏం జరిగిందో చూడండి. నిరుపేద కుటుంబాలకు బర్రెనో మేకలనో ఇచ్చి, ఏడాదిన్నర పాటు వెన్నంటి ఉండే పథకం అక్కడ పెట్టారు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతే అది. తీసుకున్నవాళ్లకు పశువుల మీద రాబడి పెరిగింది. అక్కడితో ఆపితే ఫొటోలు తీసి రిపోర్టు వేసుకోవచ్చు. ఏమీ తీసుకోని ఇళ్లతో పోల్చి చూస్తే మాత్రం మొత్తం ఆదాయంలోనూ, ఇంటి ఖర్చులోనూ (బతుకు మెరుగైందా అని మేం చూసేది అందులోనే) చెప్పుకోదగ్గ తేడా లేదు. పశువుల మీద వచ్చింది, మానుకున్న కూలికి సరిపోయింది. అప్పట్లో కూలి రేట్లు పెరుగుతున్నాయి మరి. ఆ అధ్యయనం 2015లో అచ్చయింది.

అది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. డ్వాక్రా లోన్‌తో ఒక బర్రెను కొన్నది. వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో పొద్దున, సాయంత్రం పోసిన పాలు పెన్సిల్‌తో రాసేది. నెలాఖరుకు ఆ డబ్బు చూసి ఇంటిల్లిపాదీ సంబరపడేవాళ్లం. బర్రె కోసం గడ్డికి వెళ్లి, నాట్లకు పోని రోజులు ఆ క్యాలెండర్‌లో లేవు. పాలు పోయకపోయి ఉంటే మా ఇల్లు ఎలా ఉండేదో తెలియాలంటే, బర్రె లేని పక్కింటి లెక్క కూడా కావాలి. నేను ఏమీ ఇవ్వని ఇళ్ల తలుపులు కొట్టేది అందుకే.

అలాగని ఆ పద్ధతే దండగ అనకండి. ఇథియోపియా, ఘనా, హోండురస్, భారత్, పాకిస్తాన్, పెరూ దేశాల్లో ఇదే పద్ధతిని పరీక్షించిన ఫలితాలూ 2015లోనే వచ్చాయి. మన దేశంలో పశ్చిమ బెంగాల్లో చేశారు. మొత్తమ్మీద పథకం అయిపోయిన ఏడాది తర్వాత కూడా మేలు నిలిచింది. హోండురస్‌లో మాత్రం పంచిన కోళ్లకు రోగం తగిలి చాలా చచ్చాయి, పెట్టిన ఖర్చు కూడా రాలేదు. ఎక్కడ పనిచేసిందో ఎక్కడ చేయలేదో తెలియకుండా కోట్లు పోస్తే, ఆ కోట్లతో నిజంగా బాగుపడాల్సిన ఇల్లు ఇంకెక్కడో ఉండిపోతుంది.

హైదరాబాద్ సంగతీ అంతే. 2005లో 104 బస్తీలు తీసుకుని, లాటరీ వేసి సగం బస్తీల్లో ముందుగా చిన్న అప్పుల బ్రాంచీలు తెరిపించారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఆ బృందంలో ఉన్నారు. కొందరు వ్యాపారంలో పెట్టుబడి పెంచారు, కొందరు ఇంటికి సామాన్లు కొన్నారు. ఇంటి మొత్తం ఖర్చు పెరగలేదు, పిల్లల చదువులోనూ తేడా కనపడలేదు. అప్పు మంచిదా చెడ్డదా అని టీవీలో అరుచుకునేవాళ్లకు ఇది రుచించదు.

అపోహ: చేతికి డబ్బిస్తే తాగేస్తారు. ఈ మాట ఇంకెన్నాళ్లండీ? రకరకాల దేశాల 19 అధ్యయనాలను కలిపి చూస్తే మందు, పొగాకు ఖర్చు పెరిగిన జాడ దాదాపు లేదు.

అపోహ: అందరికీ డబ్బు పంచితే ధరలు మండిపోతాయి. కెన్యాలో 653 ఊళ్లలో చూశారు, సుమారు పదివేల ఇళ్లకు దాదాపు వెయ్యి డాలర్ల చొప్పున ఇచ్చి. ధరలు 0.1 శాతం మాత్రమే పెరిగాయి.

అపోహ: పథకం ఎవరికి ముందో తేల్చడానికి లాటరీ వేయడం అన్యాయం. అందరికీ ఒకేసారి ఇచ్చే స్తోమత లేనప్పుడు, తెలిసినవాళ్ల సిఫారసు కంటే లాటరీయే నయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి ఇచ్చేందుకు పెట్టిన స్మార్ట్‌కార్డులు ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అనేది అలాగే తేల్చారు. కూలి డబ్బు త్వరగా అందిందనీ, మధ్యలో మింగేది తగ్గిందనీ తెలిసింది అందువల్లే.

అపోహ: సర్వేలో నిజం చెబితే రేషన్ కార్డు పోతుంది. దీన్ని నేను ఎగతాళి చేయలేను. కార్డు పోగొట్టుకున్నవాళ్లు ఊరికొకరు ఉంటారు, ఆ టెన్షన్ ఊరికే పుట్టలేదు. మేం చేసే పరిశోధన సర్వేలో పేర్లు విడిగా పెడతాం, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు, మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. వచ్చినవాడు ఆ మాట ముందే చెప్పకపోతే మీరే అడగండి.

మొన్న ఒక ఇంట్లో టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. "అదేంటమ్మా?" అంటే "బియ్యం మూట" అన్నది. మూట వెనక నుంచి వైరు ప్లగ్గు దాకా పోయింది. నేను ఇవన్నీ రెండుసార్లు చెప్పాను. కాసేపు నా మొహం చూసి, దుప్పటి లాగి, సీరియల్ పెట్టింది. మిగిలిన ప్రశ్నలన్నీ యాడ్స్ వచ్చినప్పుడే అడగాల్సి వచ్చింది.