లడ్డూ కరువు, బూందీ కాలం

"మామయ్యా, సముద్రమే లేని ఊళ్ళో సముద్రానికి ఆఫీసేంటి?" హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం) బోర్డు చూసి మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. ఉపగ్రహం పంపే బొమ్మలు చూడ్డానికి పక్కన అలలు అక్కర్లేదన్నాను. నీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ బట్టి చేపలు ఎటు ఉండొచ్చో జాలర్లకు అక్కడి నుంచే కబురు వెళ్తుంది. ఆ పచ్చదనం వృక్షప్లవకాలది, అంటే నీళ్ళలో తేలుతూ ఎండతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులది. భూమ్మీది కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటి చలవే. బడిలో మాత్రం ఆక్సిజన్ అనగానే వేపచెట్టు బొమ్మ గీయిస్తారు!

మిగతా కథ మిఠాయి కొట్టు ముందు నడిచింది. లడ్డూను పాకంలో ముంచితే పైపైనే తడుస్తుంది. అంతే పిండిని బూందీ దూస్తే గింజగింజా పాకం పీలుస్తుంది. వృక్షప్లవకాల్లో లడ్డూలు డయాటమ్‌లు, సిలికాతో గాజు పెంకు కట్టుకునే జీవులు. బూందీ ప్రోక్లోరోకాకస్, సముద్ర శాస్త్రవేత్త శాలీ చిషోమ్ బృందం 1988లో లోకానికి చూపించిన బ్యాక్టీరియా. 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) డయాటమ్ ఉందనుకోండి. దాన్ని 0.6 మైక్రాన్ల గింజలుగా దూస్తే 10 లక్షలొస్తాయి. మొత్తం పదార్థం అంతే, పాకం తగిలే ఉపరితలం మాత్రం 100 రెట్లు. పాకం, అంటే నైట్రేటు, ఫాస్ఫేటు లాంటి పోషకాలు, పుష్కలంగా ఉంటే లడ్డూలే గబగబా పెరుగుతాయి. పలచబడిందా, బూందీదే రాజ్యం.

బంగాళాఖాతంలో పాకం అడుగున ఉండిపోతుంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చే మంచినీళ్ళు ఉప్పునీటి కన్నా తేలిక, పైన పొరలా పరుచుకుంటాయి. ఎండకు ఆ పొర వేడెక్కి ఇంకా తేలికవుతుంది. మామూలు గాలికి అది చెదరదు. తుపానొచ్చి కలియబెట్టినప్పుడు అడుగు పోషకాలు పైకొస్తాయి, ఆ దారి వెంట కొన్నాళ్ళు నీళ్ళు పచ్చబడతాయి. సముద్రం వేడెక్కేకొద్దీ ఈ పొర మరింత మొండికేస్తుంది.

"బూందీ అయితే ఏం, తినేదేగా?" అన్నాడు వాడు. కవళ్ళ లాంటి చేపలు డయాటమ్‌లను నేరుగా తినగలవు. బూందీని ముందు సూక్ష్మజీవులు తినాలి, వాటిని ఇంకోటి, దాన్ని మరోటి. మెట్టు మెట్టుకీ సుమారు పదోవంతే పైకి చేరుతుంది. పచ్చదనం అంతే ఉన్నా వలలో చేప తగ్గుతుంది.

పైగా ఉష్ణమండల సముద్రాల్లో అతి పచ్చని పొర తరచుగా పదుల మీటర్ల లోతున ఉంటుంది. ఉపగ్రహం చూపు అంత లోతుకి దిగదు. అందుకే మునిగి, తేలి, లోపలి లెక్కలు ఉపగ్రహం ద్వారా పంపే ఆర్గో అనే తేలే పరికరాలను నీళ్ళలోకి వదులుతున్నారు.