గ్యాస్ ఎటు పోతోంది? స్టీల్ ప్లాంట్ మోడల్ కట్టడంపై అపోహలు - వాస్తవాలు

మా నాన్న వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి) విభాగంలో చేసి రిటైరయ్యారు. నేను ఉక్కునగరంలో పెరిగి, ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి యలహంకలో స్థిరపడ్డాను. పదకొండేళ్లుగా మోడల్ రైల్వే లేఅవుట్ల (చిన్న రైళ్లు నడిపే బల్లల) కోసం ఫ్యాక్టరీలు కడుతున్నాను. కిట్ కొనను. షీటు కోసి, పైపు అతికించి, మొదటి నుంచీ సొంతంగా కడతాను. మొదట కట్టింది బ్లాస్ట్ ఫర్నేసే. నాలుగు నెలలు పట్టింది. దాని నెత్తిన పెద్ద పొగగొట్టం పెట్టి, నల్ల దూది కూడా అతికించాను. నాన్న ఊరి నుంచి వచ్చినప్పుడు చూపించాను. కళ్లజోడు సవరించుకుని చుట్టూ తిరిగి చూశారు. "బాగుందిరా. మరి గ్యాస్ ఎటు పోతాది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే పొగగొట్టం పీకేశాను. ఈ పని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతాయి. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నాను.

అపోహ: బ్లాస్ట్ ఫర్నేస్ మీద పొగగొట్టం ఉంటుంది, అందులోంచి నల్లటి పొగ వస్తుంది.

వాస్తవం: ఫర్నేస్ నెత్తిన పొగగొట్టం ఉండదు. పైనుంచి వచ్చేది వదిలేసే పొగ కాదు, మండే గ్యాస్. అందులో కార్బన్ మోనాక్సైడ్ బాగా ఉంటుంది. ప్రాణాలు తీసే వాయువు అది, పైగా ఇంధనం కూడా. అందుకే బొట్టు పోకుండా పట్టుకుంటారు. ఫర్నేస్ పైభాగం నుంచి లావు గొట్టాలు పైకి లేచి, ఒకటిగా కలిసి, ఏటవాలుగా కిందికి దిగుతాయి. ఆ దిగే గొట్టాన్ని డౌన్‌కమర్ అంటారు. అది డస్ట్ క్యాచర్ అనే పొట్ట లావు డ్రమ్ములోకి వెళ్తుంది. అక్కడ బరువైన ధూళి అడుగున పడుతుంది. తర్వాత గ్యాస్‌ను కడిగి శుభ్రం చేస్తారు. అందులో కొంత స్టవ్‌లకు వెళ్తుంది, మిగతాది ప్లాంట్‌లో ఇతర అవసరాలకు వెళ్తుంది.

స్టవ్‌లు అంటే ఫర్నేస్ పక్కన వరుసగా నిలబడే గుండ్రటి నెత్తి స్తంభాలు. మామూలుగా మూడో నాలుగో ఉంటాయి. లోపలంతా ఇటుక. గ్యాస్‌ను మండించి ఆ ఇటుకను వేడెక్కిస్తారు. తర్వాత మంట ఆపి, బ్లోయర్ నుంచి వచ్చే చల్లగాలిని ఆ ఇటుకల మధ్య నుంచి పంపిస్తారు. గాలి వెయ్యి డిగ్రీలు దాటి వేడెక్కి ఫర్నేస్ అడుక్కి చేరుతుంది. ఒక స్టవ్ గాలి ఇస్తుంటే మిగతావి వేడెక్కుతుంటాయి, అందుకే ఒక్క స్టవ్ సరిపోదు. పొడవాటి చిమ్నీ ఉండేది కూడా ఈ స్టవ్‌ల పక్కనే. నేను ఫర్నేస్ మీద పెట్టిన గొట్టం ఆరంగుళాలు పక్కకు జరిగితే సరిగ్గా దాని చోటుకే వచ్చేది!

ఈ దారి ఒకసారి అర్థమైతే మోడల్‌లో ఏ పైపు ఎక్కడ పెట్టాలో ఎవరినీ అడగక్కర్లేదు. స్టవ్‌ల నుంచి వచ్చే వేడిగాలి గొట్టం ఫర్నేస్ కింది భాగం చుట్టూ ఉండే ఒక లావు వలయంలో కలుస్తుంది. దాన్ని బసిల్ పైప్ అంటారు. దాంట్లోంచి చిన్న గొట్టాలు వాలుగా దిగి ఫర్నేస్‌లోకి గాలి ఊదుతాయి. మొదట్లో ఈ వలయం కోసం పైపుని వేడిచేసి వంచబోయి ఎన్ని పాడుచేశానో లెక్కలేదు. పైపు నలిగిపోయేది, లేదంటే కోడిగుడ్డు ఆకారంలో వచ్చేది. చివరికి మా ఆవిడతో చిక్‌పేటలో గాజుల కొట్టుకు వెళ్లినప్పుడు దొరికింది. గుండ్రటి, లావు ప్లాస్టిక్ గాజు, రెండు ఎనిమిది సైజు. లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు. నా ఫర్నేస్ కింది భాగం వ్యాసం 50 మిల్లీమీటర్లు కాబట్టి చుట్టూ ఆరేడు మిల్లీమీటర్ల సందు మిగిలింది. నిజం ఫర్నేస్‌లోనూ వలయానికీ ఒంటికీ మధ్య సందు ఉంటుంది. గాజు మీది మెరుపుని 400 నంబరు సాండ్‌పేపర్‌తో తీసేసి, 30 డిగ్రీలకొకటి చొప్పున పన్నెండు గుర్తులు పెట్టి, కాటన్ బడ్ పుల్లలు కోసి వాలుగా అతికించాను. నా పనిలో నాకు ఇప్పటికీ అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

అపోహ: స్టీల్ ప్లాంట్ కట్టాలంటే హాలంత జాగా కావాలి.

వాస్తవం: మొత్తం ప్లాంటు కట్టాలంటే హాలు కూడా చాలదు. హెచ్‌ఓ స్కేల్ అంటే 87 వంతుల్లో ఒక వంతు. బాక్స్‌ఎన్ అనే పైకప్పు లేని గూడ్సు వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు, మోడల్‌లో 123 మిల్లీమీటర్లు. 58 వ్యాగన్ల రేకు (మొత్తం గూడ్సు రైలు) నిలబెడితే ఇంజన్లు కాకుండానే ఏడు మీటర్లు దాటుతుంది. మన అపార్ట్‌మెంట్లలో ఎవరింట్లో ఉంది అంత గోడ? అందుకే ప్లాంటుని కుదిస్తాం. స్టవ్ ఎత్తు తగ్గించొచ్చు, షెడ్డు పొడవు సగం చెయ్యొచ్చు. కుదించకూడనివి మనిషికి సంబంధించినవి. హ్యాండ్‌రెయిల్ మీటరు ఎత్తుంటే మోడల్‌లో 11.5 మిల్లీమీటర్లు, తలుపు 24, మనిషి 19. ఇవి సరిగ్గా ఉంటే రెండడుగుల ఫర్నేస్ కూడా కొండలా కనిపిస్తుంది. హ్యాండ్‌రెయిల్ 20 మిల్లీమీటర్లు పెడితే నాలుగడుగుల ఫర్నేస్ కూడా బొమ్మలా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఉక్కు అనగానే అందరూ బ్లాస్ట్ ఫర్నేస్ కావాలంటారు. నిజానికి బ్లాస్ట్ ఫర్నేస్‌లో తయారయ్యేది ఉక్కు కాదు, నాలుగు శాతం దాకా కార్బన్ ఉన్న ఇనుము. ఉక్కు అయ్యేది తర్వాత, ఆ కార్బన్‌ని తగ్గించే కన్వర్టర్లో. ఆ ఫర్నేసే లేకుండా ఉక్కు చేసే చోటు మా ఇంటి దగ్గర్లోనే ఉంది. యలహంకలోని రైల్ వీల్ ఫ్యాక్టరీ 1984 నుంచి నడుస్తోంది. పాత ఉక్కు తుక్కుని ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లో కరిగించి, గ్రాఫైట్ అచ్చుల్లోకి ఒత్తిడితో ఎక్కించి రైలు చక్రాలు పోస్తారు. ఒక షెడ్డు, ఒక క్రేను, తుక్కు వచ్చే లైను, చక్రాలు వెళ్లే లైను. నాలుగడుగుల బల్ల మీద ఇమిడే ప్లాంటు అది. జాగా తక్కువన్న ప్రతివాళ్లకీ నేను ముందు చెప్పేది ఇదే. లేదూ, బ్లాస్ట్ ఫర్నేసే కావాలంటే వైజాగ్‌ని చూసి కట్టొద్దు, 1923లో భద్రావతిలో కర్రబొగ్గుతో మొదలైనదాని లాంటి చిన్న ఫర్నేస్‌ని మనసులో పెట్టుకోండి. కర్రబొగ్గు మెత్తన, ఎక్కువ బరువు మోయలేదు. అందుకే అలాంటి ఫర్నేసులు పొట్టిగానే ఉండేవి.

అపోహ: విదేశీ కిట్లో, త్రీడీ ప్రింటరో లేకపోతే కుదరదు.

వాస్తవం: వాల్తర్స్ వాళ్ల బ్లాస్ట్ ఫర్నేస్ కిట్ మంచిదే, కాదనను. కానీ అది అమెరికా ఫర్నేస్. నా స్టవ్‌లు 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు, వాటి గుండ్రటి నెత్తులు పిల్లల ఆట బంతుల సగాలు. గోడలు సన్‌బోర్డ్ అనే తేలికపాటి ఫోమ్ షీటు, బెంగళూరులో బోర్డులు రాసే ఏ షాపులో అడిగినా తుక్కు ముక్కలు దొరుకుతాయి. లైట్లు, వైర్లు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతాయి. పీవీసీకి పీవీసీ అతికించడానికి ప్లంబర్లు వాడే సాల్వెంట్ సిమెంట్ చాలు. ఫెవిక్విక్‌తో అంతా అతికించేస్తే అప్పటికి బాగానే ఉంటుంది కానీ ఆ అతుకు పెళుసు, దెబ్బ తగిలితే ఊడుతుంది. ప్రింటర్ నా దగ్గరా ఉంది, ఒకేలాంటివి పాతిక కావాల్సినప్పుడు వాడతాను. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను: పీవీసీని మంట మీద కాల్చొద్దు. హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గొంతూ ఊపిరితిత్తులూ పాడవుతాయి. సాల్వెంట్ పని కిటికీ తెరిచే చెయ్యండి.

అపోహ: అంతా తుప్పు రంగు కొట్టేస్తే సహజంగా ఉంటుంది.

వాస్తవం: ఇది చూస్తే నాకు బాధేస్తుంది. నెలల తరబడి కట్టినదాన్ని ఒక్క డబ్బా గోధుమరంగుతో చంపేస్తారు. ప్లాంట్‌లో రంగు చోటుని బట్టి మారుతుంది. ఖనిజం దించే దగ్గర ఎర్రమట్టి ధూళి, కోక్ (బొగ్గు నుంచి చేసే ఇంధనం) వైపు నలుపు, సున్నపురాయి దగ్గర బూడిద తెలుపు. పైపులకైతే లెక్కే వేరు. పైపుల రంగులకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2379 ప్రకారం గ్యాస్ పైపు పసుపు, నీటి పైపు సముద్రపు ఆకుపచ్చ, గాలి పైపు ఆకాశనీలం, ఆవిరి పైపు అల్యూమినియం రంగు. ముందు ఆ రంగులు వేసి, పైన ధూళి పట్టించండి. తుప్పు నీళ్లు నిలిచే అంచుల నుంచి కిందికి చారలుగా కారుతుంది, అంతటా సమానంగా పరుచుకోదు. చూసేవాళ్లు పసుపు గొట్టాన్ని కంటితో పట్టుకుని ఫర్నేస్ నుంచి స్టవ్ దాకా వెళ్లగలిగితే పని సరిగ్గా వచ్చినట్టే.

కోక్ ఓవెన్ పక్కన ఎప్పుడూ తెల్లటి ఆవిరి మేఘం ఉండాలన్నది కూడా అంతే. నీళ్లతో చల్లార్చే చోట ఆవిరి లేస్తుంది. వైజాగ్‌లో కోక్‌ను నైట్రోజన్‌తో చల్లార్చే ఏర్పాటు ఉంది. ఏ ప్లాంటు కడుతున్నారో తేల్చుకుని దూది తెచ్చుకోండి.

అపోహ: కరిగిన ఇనుముకి ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాలి.

వాస్తవం: ఫర్నేస్ నుంచి ఇనుము దాదాపు 1500 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. ఆ వేడిలో అది పసుపు కలిసిన తెలుపు. సుమారు 1150 డిగ్రీలకే ఆ ఇనుము గడ్డకడుతుంది, ముదురు ఎరుపుకి రావాలంటే ఇంకా చల్లారాలి. అంటే ఎర్రగా కనిపిస్తున్న ఇనుము ఇక పారదు. వార్మ్ వైట్ ఎల్‌ఈడీ పెట్టి, మీద పల్చగా నారింజ రంగు వెయ్యండి. 12 వోల్టులకు 1 కిలో ఓమ్ రెసిస్టర్ సరిపోతుంది. ఇనుము మీద తేలే స్లాగ్ (కరిగిన మలినాలు) వేరే కాలువలోకి మళ్లుతుంది. ఆ కాలువ చివరికి వెళ్లేకొద్దీ నారింజని ఎరుపు చేసుకుంటూ పోతే చాలు.

అపోహ: మామూలు హెచ్‌ఓ పట్టాలు మన బ్రాడ్ గేజ్‌కి సరిపోతాయి.

వాస్తవం: 16.5 మిల్లీమీటర్ల పట్టా 1435 మిల్లీమీటర్ల గేజ్‌కి. మన 1676కి 19 పైచిలుకు కావాలి. చాలామంది 16.5తోనే సర్దుకుంటాం, నేనూ అంతే. తెలిసి సర్దుకోవడం వేరు.

అపోహ: స్టీల్ ప్లాంట్ వెనక నిలబెట్టే సీనరీ మాత్రమే.

వాస్తవం: లేఅవుట్ మీద ఇంతకంటే పని ఇచ్చే ఫ్యాక్టరీ లేదు. బైలదిల్లా ఖనిజం కేకే (కొత్తవలస-కిరండూల్) లైన్ మీద దిగుతుంది, కోకింగ్ కోల్, సున్నపురాయి వేరే రేకుల్లో వస్తాయి. కాయిల్స్, బిల్లెట్లు బయటికి పోతాయి. నీళ్లతో ఇసకలా చేసిన స్లాగ్ సిమెంట్ ఫ్యాక్టరీలకు పోతుంది. లోపల టార్పెడో లాడిళ్లు (కరిగిన ఇనుము మోసే పొడవాటి వ్యాగన్లు) వేడి ఇనుముతో ఫర్నేస్‌కీ కన్వర్టర్లకీ మధ్య మెల్లగా తిరుగుతాయి. నిండిన లాడిల్‌ని ఆగకుండా పంపాలి, ఖాళీది సమయానికి ఫర్నేస్ కిందికి రావాలి. ఇద్దరు చెరో కంట్రోలర్ పట్టుకుని కూర్చుంటే సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు.

పోయిన సంక్రాంతికి నాన్న మళ్లీ వచ్చారు. కొత్త ఫర్నేస్ ముందు కూర్చుని, పైన మొదలుపెట్టి వేలితో పసుపు గొట్టం వెంబడే డస్ట్ క్యాచర్ దాకా, అక్కడి నుంచి స్టవ్‌ల దాకా, వేడిగాలి గొట్టం వెంబడి గాజు దాకా వచ్చారు. ఏమీ అనలేదు. తర్వాత వంగి, ఇనుము బయటికి తీసే కాస్ట్ హౌస్‌లోకి చూసి, "ఇనుము తీసాక కన్నం మూసేది దేంతోరా? మడ్ గన్ ఏదీ?" అన్నారు. మట్టిని గట్టిగా నెట్టి ఆ కన్నం మూసే యంత్రం అది. ఇప్పుడు బల్ల మీద ఇన్సులిన్ సిరంజి ఒకటి కోసి పెట్టుకున్నాను, దాని చెయ్యి ఎటు తిరగాలో నాన్న ఫోన్‌లో చెబుతున్నారు.