ఇళ్ల మధ్య గొడ్లు: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కోస్తాలో ఒక మున్సిపల్ పట్టణంలో పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. ఆసుపత్రికి మందుల కోసం వచ్చేవాళ్లు ఎందరో, తగాదాలు మోసుకొచ్చేవాళ్లూ అందరే. "పక్కింటాయన గోడవతల గేదెల్ని కట్టేస్తున్నాడు, చట్టం ఒప్పుకుంటుందా డాక్టరుగారూ?" అని ఒకరు. "తాతల నాటి కొట్టం మాది, ఇప్పుడు కాదనడానికి మున్సిపాలిటీ ఎవరండీ?" అని ఇంకొకరు.

అపోహ: నా స్థలం, నా గొడ్డు. ఎవరినీ అడగక్కర్లేదు.

మీ ఊరు మున్సిపాలిటీలో కలిసిందంటే కొట్టం తాతల నాటిదైనా మున్సిపల్ చట్టం కిందికి వచ్చినట్టే. పశువుల వల్ల చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది, రోగభయం ఉంటే కమిషనర్ నోటీసు ఇవ్వవచ్చు. దీనికి తోడు 1978 నాటి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. లక్షకు మించి జనాభా ఉన్న పట్టణంలో పాల వ్యాపారానికి అయిదు లేదా అంతకంటే ఎక్కువ పశువులను పెట్టుకుంటే ఆ కొట్టాన్ని రిజిస్టర్ చేయించాలి. మా దగ్గర చాలామంది పాలవాళ్లు ఈ సంగతి మొదట నా నోటే విన్నారు.

అపోహ: ఇళ్ల మధ్య పశువు ఉండటమే నేరం.

కాదు. ఇంటి పాల కోసం ఒకటో రెండో శుభ్రంగా పెంచుకునేవాళ్ల మీద నా దాకా ఫిర్యాదు వచ్చింది తక్కువ. నేను చూసిన తగాదాలన్నీ పేడ దగ్గరే మొదలయ్యాయి. నాలుగు వందల కిలోల పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, మూత్రం దానికి అదనం. అయిదు గొడ్లుంటే రోజుకు క్వింటాలు దాకా పేడే.

మా పేటలో ఒకావిడ పొద్దున్నే పైపు పెట్టి కొట్టమంతా కాలవలోకి కడిగేసేవారు. కాలవ మలుపులో పేడ గట్టిపడి, నీళ్లు ఎదురింటి గుమ్మంలోకి తన్నేవి. వాళ్లూ వీళ్లూ మాట్లాడుకోవడమే మానేశారు. నేను చెప్పింది ఒక్కటే: "అమ్మా, ముందు పారతో ఎత్తండి, ఆ తర్వాతే నీళ్లు." ఇప్పుడు రెండు రోజులకోసారి ఒక కొబ్బరితోట రైతు ట్రాక్టరు తెచ్చి పేడ తోలుకుపోతున్నాడు. ఫిర్యాదు మళ్లీ రాలేదు.

మాటతో పని కాకపోతే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు రాసివ్వండి. అక్కడా కదలిక లేకపోతే ఆర్డీవో దగ్గరికి వెళ్లవచ్చు. పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) 133వ సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152 అయింది. ఇబ్బందిని తొలగించమని ఉత్తర్వు ఇచ్చే అధికారం దాని కింద ఉంది.

అపోహ: పాలు పితికి వదిలేస్తే అదే మేసి వస్తుంది.

ఈ మాట వింటే నాకు కడుపు రగులుతుంది. పట్టణంలో మేత ఎక్కడుంది? మూడు రోజులుగా నెమరు వేయడం లేదని ఒక ఆవును తెచ్చారు. ఎడమ డొక్క కోసి, పొట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాను. కూర కవర్లు, పాల ప్యాకెట్లు, పురికొస పెనవేసుకుని తాడులా వచ్చాయి. రెండు బకెట్లు నిండాయి. ఆ ఆవు యజమాని రోజూ దాని పాలు అమ్ముకుంటున్నాడు.

రోడ్డు మీదికి వదిలిన పశువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు ఏర్పడితే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జాతీయ రహదారుల మీది పశువులను తరలించాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది.

అపోహ: పంటలో పడ్డ గొడ్డును డబ్బు కట్టేదాకా మన ఇంట్లో కట్టేసుకోవచ్చు.

పట్టుకోవచ్చు, ఉంచుకోకూడదు. కోస్తా, రాయలసీమల్లో 1871 నాటి పశువుల చట్టం ప్రకారం 24 గంటల్లో బందెలదొడ్డికి తోలాలి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే దండోరా వేయించి, ఆ తర్వాత వేలం వేస్తారు.

అపోహ: పెరట్లో పది నాటుకోళ్లకు కూడా కాలుష్య మండలి అనుమతి కావాలి.

అక్కర్లేదు. అది అయిదు వేల కోళ్లు దాటిన ఫారాల సంగతి. కానీ కోళ్లు వరసగా చనిపోతుంటే దాచకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్‌ఫ్లూ తేలింది. అలా తేలిన చోట కిలోమీటరు లోపల పెరటికోళ్లనూ చంపేయాల్సి వస్తుంది. పరిహారం ఉంటుంది.

అపోహ: చెవికి పసుపు ట్యాగు ఉంటే పర్మిషన్ ఉన్నట్టే.

అందులోని 12 అంకెలు టీకాల లెక్కకు, పశువును గుర్తుపట్టడానికి. ఇళ్ల మధ్య పెంచుకోవడానికి అది లైసెన్సు కాదు. రోడ్డు మీద దొరికితే ఎవరిదో చెప్పేదీ ఆ నంబరే, అందుకే కొందరు పీకేసి మరీ వదులుతున్నారు. పోయిన నెల ఒక జెర్సీ కోడెదూడను తెచ్చారు. చెవి రెండుగా చీలి, పుండు నిండా పురుగులు. టర్పెంటైన్ నూనె పోసి ఒక్కొక్కటీ పటకారుతో తీశాం. పాలివ్వదని వదిలేయాలనుకుంటే ముందు నా దగ్గరికి తీసుకురండి. ట్యాగు పీకకండి.