చర్మ క్యాన్సర్‌పై అపోహలు - వాస్తవాలు: మానని పుండును మలాములతో నెట్టుకురావద్దు

చర్మవ్యాధుల విభాగానికి క్యాన్సర్ అనుమానంతో వచ్చేవారు తక్కువ. ‘పుండు మానడం లేదు’ అనో, ‘అరికాలిలో ఆనె’ అనో, ‘గోరు నల్లబడింది’ అనో వస్తారు. అప్పటికే నెలలు గడిచిపోయి ఉంటాయి. ఆ ఆలస్యానికి కారణమయ్యే నమ్మకాలు కొన్ని చెబుతాను.

అపోహ: అది తెల్లవాళ్లకు వచ్చే జబ్బు.

మనలో తక్కువన్నది నిజమే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండ దెబ్బను చాలావరకు అడ్డుకుంటుంది. కానీ మనవాళ్లలో మెలనోమా (రంగునిచ్చే కణాల్లో పుట్టే చర్మ క్యాన్సర్) ఎక్కువగా కనిపించేది ఎండ తగలని చోటే: అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లే 1981లో మరణించింది కాలి వేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే. దెబ్బ తగిలి గోరు కింద గడ్డకట్టిన రక్తం గోరుతో పాటే ముందుకు జరుగుతుంది, వెనుక నుంచి మామూలు గోరు వస్తుంది. అలా జరగకుండా, ఒక్క గోరుపైనే కొత్తగా వచ్చిన నల్లచార వెడల్పవుతూ పక్కనున్న చర్మానికీ పాకితే వెంటనే చూపించాలి. చాలా గోళ్లపై సన్నని చారలు ఉండటం మన రంగువారిలో సాధారణమే.

అపోహ: నొప్పి లేదు, కాబట్టి భయం లేదు.

తొలిదశలో నొప్పి లేకపోవడమే మామూలు. ముక్కు పక్కనో కంటి కిందో మెరిసే అంచుతో నల్లని బొడిపె లేస్తుంది. పెచ్చు కడుతుంది, రాలుతుంది, కాస్త రక్తం వస్తుంది, మళ్లీ పెచ్చు కడుతుంది. పుట్టుమచ్చ అనుకుని వదిలేసే ఈ బొడిపె చాలాసార్లు బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్.

అపోహ: ఏళ్లుగా ఉన్న మచ్చే కదా!

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. పాత కాలిన మచ్చలోనూ, ఏళ్ల తరబడి మానని కాలి పుండులోనూ స్క్వామస్ సెల్ కార్సినోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్ పుట్టవచ్చు. లంగా బొందు రోజూ ఒకేచోట బిగించడం వల్ల నడుము చుట్టూ చర్మం ఒరుసుకుని, నల్లబడి, పుండై, చివరకు క్యాన్సర్‌గా మారిన స్త్రీల గురించి మన దేశ వైద్యులు రాశారు. ధోవతి కట్టేవారిలోనూ ఇది చూశారు. అరుదే అయినా నివారించగలిగినది. బొందు బదులు వెడల్పాటి పట్టీ వాడండి, కట్టుచోటు మారుస్తూ ఉండండి. పాత పుండు అంచు గట్టిపడి పైకి లేచినా, దుర్వాసన వచ్చినా, తాకగానే రక్తం కారినా కట్టు మార్చి సరిపెట్టుకోవద్దు.

అపోహ: కత్తి తగిలితే పాకుతుంది.

పాకదు. ఆ భయంతో ఆగిన నెలల్లోనే జబ్బు లోతుకు దిగుతుంది. బయాప్సీ అంటే మత్తు సూది వేసి 3, 4 మిల్లీమీటర్ల ముక్క తీయడం. సాధారణంగా ఒకటి రెండు కుట్లు పడతాయి. మెలనోమా అనుమానం ఉంటే వీలైనంతవరకు మచ్చ మొత్తం తీస్తాం, ఎందుకంటే అది ఎంత మందాన ఉందన్నదాన్ని బట్టే చికిత్స. ప్రమాదమల్లా సున్నం పెట్టి కాల్చుకోవడం, పరీక్ష లేకుండా లేజర్‌తో తీయించుకోవడం. పైన కనిపించేది పోతుంది, వేరు మిగులుతుంది, పరీక్షకు ముక్కా ఉండదు.

అపోహ: క్యాన్సరంటే కీమో తప్పదు.

తొలిదశలో చాలామందికి ఒక్క చిన్న ఆపరేషనే చికిత్స. చిన్న బేసల్ సెల్ గడ్డైతే చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి తీస్తాం. 1 మిల్లీమీటరు లోపు మందమున్న మెలనోమాకైతే చుట్టూ 1 సెంటీమీటరు చర్మం తీస్తాం. కనురెప్ప, ముక్కు దగ్గర మోస్ పద్ధతిలో పొర పొరగా తీసి, అక్కడికక్కడే సూక్ష్మదర్శినిలో చూస్తారు. పైపైనే ఉన్న కొన్నింటికి పూత మందులూ పనిచేస్తాయి.

కుట్లు విప్పించుకునే రోజు పాథాలజీ రిపోర్టు (తీసిన ముక్కను పరీక్షించిన ఫలితం) తప్పక అడగండి. అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగల్లేదని అందులో ఉందో లేదో వైద్యుడితో చదివించుకోండి. మిగిలాయని ఉంటే మళ్లీ తీయించుకోవడానికి ఆలస్యం చేయకండి.