లినక్స్‌లో బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు: ప్రొఫైల్లోనా, సిస్టమ్‌లోనా?

ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రామును) ఫైర్‌ఫాక్స్ యాడ్‌ఆన్ల సైటు నుంచి పెట్టినా, లినక్స్ సిస్టమ్ ప్యాకేజీలు పెట్టే ఏపీటీ కమాండుతో పెట్టినా టూల్‌బార్ మీద కనిపించే బొమ్మ ఒకటే. తేడా తర్వాత తెలుస్తుంది: అప్‌డేట్ ఎక్కడి నుంచి రావాలి, తీసేసే హక్కు ఎవరిది అన్న దగ్గర.

సైటు నుంచి పెట్టినది యూజరు హోమ్ ఫోల్డర్‌లో, చాలాకాలంగా ~/.మొజిల్లా/ఫైర్‌ఫాక్స్ కింద, ఆ ప్రొఫైల్ (యూజరు సెట్టింగులు, బుక్‌మార్కులు ఉండే) ఫోల్డర్‌లో ఎక్స్‌పీఐ అనే ఎక్స్‌టెన్షన్ ఫైలుగా చేరుతుంది. ఆ ఒక్క యూజరుకు, ఆ ఒక్క ప్రొఫైల్‌కే పనిచేస్తుంది. ఒకే మెషీన్‌ను చాలామంది వాడే ల్యాబుల్లో ఇది చాలదు కనుక /యూఎస్ఆర్/షేర్/మొజిల్లా/ఎక్స్‌టెన్షన్స్ లాంటి ఉమ్మడి చోట్లు ఉండేవి. డెబియన్ అనే లినక్స్ డిస్ట్రో (లినక్స్ పంపిణీ) ఇచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీలు అక్కడికే చేరేవి. ఆ ప్యాకేజీల పేర్లు మొదట 'జుల్-ఎక్స్‌ట్'తో, 2017లో ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను ఆపేశాక 'వెబ్‌ఎక్స్‌ట్'తో మొదలయ్యాయి.

అయితే ఆ తలుపులోంచే, ముఖ్యంగా విండోస్‌లో, అడగని టూల్‌బార్లూ దూరాయి. 2011లో ఫైర్‌ఫాక్స్ 8 నుంచి, బయటి ప్రోగ్రాములు పెట్టినవి యూజరు ఒప్పుకునేదాకా ఆగి ఉండేవి. 2016లో 48తో, ఫైర్‌ఫాక్స్ తయారీ సంస్థ మొజిల్లా డిజిటల్ సంతకం తప్పనిసరైంది. 2020 మార్చిలో 74తో, బయటి ఫోల్డర్లలో ఫైలు పడేసి ఎక్స్‌టెన్షన్ పెట్టే దారే మూసేశారు. అలా వచ్చినవాటిని యాడ్‌ఆన్స్ మేనేజర్ నుంచి తొలగించే వీలు లేకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం.

ఇక్కడే లినక్స్ దారి వేరైంది. డెబియన్, ఆర్చ్ లాంటి డిస్ట్రోలు బ్రౌజర్‌ను సోర్స్ కోడ్ నుంచి తామే కంపైల్ చేస్తాయి (తయారుచేస్తాయి). ఆ దారిని తెరిచి ఉంచే ఆప్షన్‌ను వదల్లేదు. అందుకే ఏపీటీతో ఎక్స్‌టెన్షన్ పెట్టమనే సూచన డెబియన్ ఇచ్చే ఈఎస్ఆర్ (ఎక్కువకాలం మద్దతుండే ఫైర్‌ఫాక్స్)లో పనిచేసినా, మొజిల్లా సైటు నుంచి టార్ ఫైలుగా దింపుకున్న బ్రౌజర్‌లో పనిచేయదు. తప్పు యూజరుది కాదు, బిల్డ్ వేరు.

ప్రోగ్రామును మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసి నడిపే స్నాప్ ప్యాకేజీ ఈ చిక్కును ఇంకాస్త పెంచింది. ఉబుంటు 21.10లో స్నాప్ ఫైర్‌ఫాక్స్ డిఫాల్ట్ అయింది, 22.04లో ఏపీటీతో పెట్టే డెబ్ ప్యాకేజీ కూడా స్నాప్‌నే తెచ్చిపెడుతుంది. ప్రొఫైల్ ~/స్నాప్/ఫైర్‌ఫాక్స్/కామన్ కిందికి మారింది. స్నాప్‌కు అసలు సిస్టమ్‌లోని /యూఎస్ఆర్ కనిపించదు కాబట్టి ఏపీటీతో పెట్టిన ఎక్స్‌టెన్షన్ ఎంత వెతికినా బ్రౌజర్‌లో ఉండదు.

అందరు యూజర్లకూ పెట్టాలంటే ఇప్పుడు నమ్మదగినది, బ్రౌజర్‌కు అడ్మిన్ నియమాలు చెప్పే పాలసీ ఫైలే. 2018లో ఫైర్‌ఫాక్స్ 60తో వచ్చింది. /ఈటీసీ/ఫైర్‌ఫాక్స్/పాలసీస్‌లో పాలసీస్.జేసన్ రాసి, 'ఎక్స్‌టెన్షన్‌సెట్టింగ్స్' కింద ఎక్స్‌టెన్షన్ ఐడీ, ఇన్‌స్టాల్ యూఆర్ఎల్, మోడ్ ఇవ్వాలి. 'ఫోర్స్_ఇన్‌స్టాల్డ్' అంటే యూజరు ఆపలేరు, తీయలేరు. 'నార్మల్_ఇన్‌స్టాల్డ్' అయితే ఆపగలరు. స్నాప్ కూడా ఈ ఫైలు చదువుతుంది. స్నాప్ లాంటి మరో ప్యాకేజీ పద్ధతి ఫ్లాట్‌ప్యాక్‌కు మాత్రం దాని సిస్టమ్‌కాన్ఫిగ్ ఫోల్డర్‌లో వేరుగా పెట్టాలి. జేసన్‌లో ఒక్క కామా ఎక్కువైనా పాలసీలు పనిచేయవు. అబౌట్:పాలసీస్ పేజీ చూస్తే తప్పు తెలుస్తుంది. క్రోమియంలో ఇదే పనికి /ఈటీసీ/క్రోమియం/పాలసీస్/మేనేజ్డ్ ఉంది.

సొంత ల్యాప్‌టాప్‌కు ఇంత అవసరం లేదు, ప్రొఫైలే చాలు: కొత్త వెర్షన్ నేరుగా వస్తుంది, డిస్ట్రో ప్యాకేజీలా వెనకబడదు. రెండు చోట్లా పెట్టడం మాత్రం వద్దు. ప్రొఫైల్ కాపీకే ప్రాధాన్యం కాబట్టి ఏపీటీ ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా బ్రౌజర్‌లో ఏమీ మారదు. ప్రొఫైల్ కాపీని తీసేస్తేనే సిస్టమ్ కాపీ పైకి వస్తుంది.